యూదుల పండుగలు మనం చేసుకోవాలా? పస్కా ఇంట్లో ఉండి చూసినదాన్ని చెబుతున్నా

"బైబిల్లోని యూదుల పండుగలకు క్రైస్తవులకు ఏం సంబంధం, మనమూ చేసుకోవాలా" అని అడిగారు. చేసుకోనక్కర్లేదు. పండుగ, అమావాస్య విషయంలో మీకు తీర్పు తీర్చడానికి ఎవరికీ అవకాశం ఇవ్వొద్దని కొలొస్సయుల పత్రికలో ఉంది, ఆ మాట చాలు. కానీ పస్కా అంటే ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైనందుకు యూదులు చేసుకునే పండుగ, యేసు శిష్యులతో చివరి భోజనం చేసింది ఆ పండుగప్పుడే. అందుకే ఒక్క పస్కా అయినా దగ్గరుండి చూడనివాళ్ళకి, ఆ భోజనం గుర్తుగా మనం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభురాత్రి భోజనం సగమే తెలిసినట్టని నా గట్టి నమ్మకం.

నేను హైఫాలో ఆరేళ్ళు ఒక ముసలావిడ దగ్గర కేర్‌గివర్‌గా చేశాను. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం. సవ్తా అని పిలిచేదాన్ని, అంటే అమ్మమ్మ. పస్కాకి ఇంట్లో పులిసిన పిండితో చేసింది ఏదీ ఉండకూడదు. అందుకే ముందురోజు రాత్రి లైట్లు ఆపేసి, ఒక చేత్తో కొవ్వొత్తి, ఇంకో చేత్తో పక్షి ఈక పట్టుకుని బ్రెడ్డు తునకల కోసం మూలమూలా వెదకాలి. ఆవిడేమో వీల్‌చెయిర్‌లో కూర్చుని ఆర్డర్లు, నేనేమో మంచం కింద. దొరికినవి పొద్దున్నే కాల్చేశారు. "పాతదైన పులిపిండిని తీసి పారవేయుడి" అని పౌలు రాసింది నాకు మోకాళ్ళు నొప్పెట్టాకే అర్థమైంది.

అసలు బాధ అన్నం దగ్గర. పోలండ్ వైపు యూదులు ఆ ఏడు రోజులూ బియ్యం, పప్పులు కూడా ముట్టరు. కోనసీమ మనిషిని, ఎలా ఉంటాను? ఎదురింటి మొరాకో వాళ్ళు మాత్రం శుభ్రంగా అన్నం వండుకునేవాళ్ళు. అదే పండుగ, అదే ధర్మశాస్త్రం! సవ్తా నిద్రపోయాక వాళ్ళింటికి వెళ్ళి తినొచ్చేదాన్ని. మన దగ్గరేమో ఒక వీడియో చూసేసి "పస్కా ఇలాగే చేయాలి" అని చెప్పేస్తారు.

పండుగ రాత్రి గొర్రెపిల్ల మాంసం ఉంటుందనుకున్నా, నిర్గమకాండం 12 చిన్నప్పటినుంచీ వింటున్నదాన్ని కదా. పళ్ళెంలో కాల్చిన కోడి మెడ ఒకటి పెట్టారు, అదీ ఎవరూ తినలేదు. మాంసం ఏదని అడిగితే సవ్తా కొడుకు "గుడి లేదుగా" అన్నాడు, అంతే. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయం కూల్చాక బలి లేదు, గొర్రెపిల్లా లేదు. "క్రీస్తు అను మన పస్కా పశువు వధింపబడెను" అన్న మాట గొంతు దాకా వచ్చింది. అనలేదు. వాళ్ళ పండుగ, వాళ్ళ భోజనం బల్ల, నేను పనికెళ్ళినదాన్ని.

తిరిగొచ్చాక చూస్తే మా వైపు ఒక సంఘంలో పొట్టేలు కొమ్ము బూర, భుజాన యూదుల శాలువా, "యేసు ఆ రాత్రి సరిగ్గా ఇలాగే చేశాడు" అని సభ. ఇప్పటి పస్కా రాత్రి క్రమంలో చాలాభాగం ఆలయం పోయాక ఏర్పడిందే. పైగా ఆ బూర ఊదడం ఒక్కరికీ రాదు, దూడ అరిచినట్టుంటుంది.

పోయిన మంచి శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరం మాట్లాడేటప్పుడు, నాకు అయిదో మాట ఇచ్చారు, "దప్పిగొనుచున్నాను". సిలువ దగ్గర యేసుకి చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, అందించింది హిస్సోపు అనే మొక్క పుడకతో, ఐగుప్తులో మొదటి పస్కా రాత్రి తలుపు కమ్ములకు గొర్రెపిల్ల రక్తం రాసిందీ హిస్సోపుతోనే అని మొదలుపెట్టి, కొవ్వొత్తి, ఈక, కోడి మెడ దాకా వచ్చేసరికి పాస్టరుగారు వాచీ చూపించారు. ఆరో మాట చెప్పాల్సినావిడ అప్పటికే లేచి నిలబడింది.