అద్దాల మధ్య కాంతిని కొలిచే చదువుకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో లేజర్, అద్దాలతో వాయువుల జాడ పట్టే ప్రాజెక్టు తీసుకుంది. అందులోనే పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరాడు. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది పోలిక, మీ భయం మాత్రం అమ్మాయి ముప్పై ఏళ్లకు కూడా స్థిరపడదేమోనని. ముందుగా ఆమె చేస్తున్న పనేమిటో చూద్దాం. గాలిలో లేశమాత్రంగా ఉన్న వాయువు పీల్చుకునే కాంతి ఎంత తక్కువంటే, ఆ తగ్గుదల లేజర్ వెలుగులోని సహజమైన హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది. అందుకని 99.99 శాతం కాంతిని వెనక్కి తిప్పే రెండు అద్దాల మధ్య కాంతిని నింపి, లేజర్‌ను ఆపేసి, లోపలి కాంతి ఎంత వేగంగా క్షీణిస్తుందో చూస్తారు. అద్దాల మధ్య దూరం మీటరే అయినా, కాంతి మూడో వంతుకు కాస్త ఎగువన మిగిలేసరికి సుమారు 33 మైక్రోసెకన్లు గడిచి, అది దాదాపు పది కిలోమీటర్లు తిరిగి ఉంటుంది. మధ్యలో వాయువు ఉంటే ఈ సమయం తగ్గుతుంది. కొలిచేది కాలాన్ని కనుక లేజర్ వెలుగు కాస్త అటూఇటూ అయినా లెక్క చెడదు. 1988లో ఓకీఫ్, డీకన్ ప్రతిపాదించిన ఈ కావిటీ రింగ్‌డౌన్ పద్ధతితోనే నేడు గాలిలో మీథేన్‌నూ, చిప్‌ల తయారీకి వాడే వాయువుల్లో తేమనూ కొలిచే పరికరాలు పనిచేస్తున్నాయి. కోల్‌కతాలోని ఎస్.ఎన్. బోస్ కేంద్రంలో ఇదే పద్ధతితో మనిషి శ్వాసను పరీక్షించే పరిశోధన జరిగింది.

ఇక డేటా సైన్స్ సంగతి. ఆ రంగంపై నాకు చిన్నచూపు లేదు, అమీర్‌పేట బోర్డుల మీది ఆరు నెలల హామీపైనే అనుమానం. సిద్ధంగా ఇచ్చిన ఫైలుపై ప్రోగ్రాం నడపడం అందరూ నేర్చుకుంటారు. ఆ ఫైలులోని అంకె ఎలా పుట్టింది, అందులో దోషం ఎంత అని అడగగలిగేవారు తక్కువ. మీ అమ్మాయి కాంతి తగ్గుదల చూపే వక్రరేఖకు సమీకరణం సరిపెట్టిన ప్రతిసారీ చేసేది ఆ పనే. బావమరిది కొడుకు కోర్సు ఎన్ని నెలలదో రాశారు, కూతురి ప్రాజెక్టు పేరు మాత్రం ఉత్తరంలో రాయలేకపోయారు. ఇది నాకు నచ్చలేదు.

పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, మన దేశంలో ఈ రంగపు ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి, దాచను. అయితే నెట్ పరీక్ష ద్వారా జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. ఖర్చు మీపై పడదు. ఈ ఏడాది నెట్, గేట్ రెండూ రాయించండి, ప్రాజెక్టు లెక్కలన్నీ పైథాన్‌లో చేయమనండి. పీహెచ్‌డీ సీటు రాకపోతే డేటా ఉద్యోగానికి అప్పుడు దరఖాస్తు చేసినా ఆలస్యం కాదు.