డాక్టర్ సలహా: తామర వచ్చిన పిల్లి కూనల్ని ముట్టుకోకుండా పెంచాలా?

ప్రశ్న: మాది విజయవాడ. పది రోజుల కిందట వానలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్ కింద రెండు పిల్లి కూనలు దొరికాయి. తల్లి కోసం రెండు రోజులు చూశాం, రాలేదు. పైకి తెచ్చుకున్నాం. మా పాప వాటికి మిరియం, జీలకర్ర అని పేర్లు పెట్టింది. ఆరు వారాల వయసుంటుందని డాక్టర్ గారు చెప్పారు. చెవుల దగ్గర, ముందు కాళ్ల మీద బొచ్చు ఊడి బూడిద రంగు పొలుసు కడుతోంది. నీలం లైటు వేసి చూసి తామర అన్నారు. నోటి మందు, షాంపూ రాసిచ్చి, తగ్గేదాకా రెండు నెలలు ఎవరూ ముట్టుకోవద్దన్నారు. బాత్రూమ్‌లో పెట్టాం. ఇప్పుడు తలుపు తీస్తే చాలు, బకెట్ వెనక్కి దూరి బుస్సుమంటున్నాయి. ఆరో తరగతి చదివే మా పాప ముంజేతి మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. మా అత్తగారికి షుగర్. ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. పాప ఏడుపు ఆపడం లేదు. ముద్దు కూడా పెట్టుకోకూడదా అని రోజూ అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయకండమ్మా. అలాగే ఈ రోజే వాటిని బాత్రూమ్‌లోంచి తీసేయండి.

బాత్రూమ్ నేల ఎప్పుడూ తడి. ఆరేడు వందల గ్రాముల బరువున్న కూనకు ఆ చలే సగం జబ్బు. పైగా మన ఇళ్లలో బాత్రూమ్ అంటే ఫినాయిల్ ఉంటుంది. అందులోని ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి లివర్ సరిగ్గా విరిచేయలేదు. నేల మీద నడిచి, ఆ పాదాలే నాకుతుంది. డెట్టాల్‌తోనూ ఇదే చిక్కు. అది మనకు మంచిదే కానీ పిల్లికి కాదు.

సోఫా, పరుపు, కార్పెట్ లేని చిన్న గది ఏదైనా ఉంటే అందులో పెట్టండి. గది లేకపోతే గాలి, వెలుతురు వచ్చే మూలలో పెద్ద మడత బోను చాలు. పడుకోవడానికి అట్టపెట్టెలో పాత టవల్ వేయండి. టవల్ ఉతికేయొచ్చు, అట్టపెట్టెను వారానికోసారి పారేసి కొత్తది పెట్టొచ్చు. ఒకసారి చోటు కుదిరాక మార్చకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తామర ఉన్నప్పుడు ఆ పని మనం చేస్తే రోగం కూడా ఏడు గదులూ తిరుగుతుంది.

ఇక అసలు విషయం. గదికి పరిమితం చేయడం వేరు, మనిషి చేతికి దూరం చేయడం వేరు. మీ డాక్టర్ గారు మొదటిది చెప్పబోయి రెండోది చెప్పారో, మీరు కంగారులో అలా విన్నారో తెలియదు. పిల్లి కూనకు రెండో వారం నుంచి ఏడో వారం దాకా, కాస్త అటూఇటుగా తొమ్మిదో వారం దాకా, మనుషులంటే ఎవరో తేల్చుకునే వయసు. ఈ రోజుల్లో రోజూ చేయి తగిలితే మనిషి తనవాడు అనుకుంటుంది, తగలకపోతే మనిషిని చూసి పారిపోవాలనుకుంటుంది. మీ కూనలకు ఇప్పుడు ఆరు వారాలు. తామర మందు కోర్సు ఆరు నుంచి ఎనిమిది వారాలు. తామర తగ్గాక దగ్గరకు తీద్దాం అనుకుంటే అప్పటికి వాటికి పద్నాలుగు వారాలు వస్తాయి. అప్పుడు మచ్చిక కావని కాదు, కానీ ఇప్పుడు పది రోజుల్లో అయ్యే పని అప్పుడు పది నెలలు పట్టొచ్చు.

ఇది పుస్తకం చూసి చెప్తున్న మాట కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా ఒక ఇంటివాళ్లకు ఇలాగే చెప్పాను. బోనులో పెట్టండి, గ్లవ్స్ లేకుండా తాకొద్దు, పాపను ఆ వైపు పోనీయొద్దు అని. వాళ్లు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. తామర చక్కగా పోయింది. పిల్లి మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి మంచం కిందే ఉండిపోయింది. టీకాకు తెచ్చిన ప్రతిసారీ నా చేతి మీద గీత పడేది. అది నా సలహా గీసిన గీతే అనుకునేదాన్ని. 2017లో పశువుల చర్మవైద్య నిపుణుల ప్రపంచ సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఈ సంగతే ఉంది: తామర నయమయ్యే జబ్బు, చిన్నతనంలో మచ్చిక కాకపోతే వచ్చే ఇబ్బంది జీవితాంతం ఉండొచ్చు, కాబట్టి విడిగా ఉంచడం వీలైనంత తక్కువ కాలమే అని. నాకు ఆ ముక్క ఇంకాస్త ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

తామర గురించి రెండు ముక్కలు. ఇంగ్లిష్‌లో రింగ్‌వర్మ్ అనడంతో కొందరు నులిపురుగుల మాత్ర వేసేస్తుంటారు. ఇందులో పురుగు ఏమీ లేదు, ఇది ఫంగస్. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోస్పోరం కేనిస్. వెంట్రుకను తింటూ బతుకుతుంది. రాలిన ప్రతి వెంట్రుకలోనూ, పొలుసులోనూ దాని బీజాలుంటాయి, అవి పొడిచోట ఏడాది దాటి కూడా బతుకుతాయి. అయితే బీజం తగిలిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. చర్మం మీద గీత, తేమ, తక్కువ రోగనిరోధక శక్తి లాంటివి తోడైతేనే అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి మందు లేకపోయినా మూడు నెలల్లో దానంతటదే తగ్గొచ్చు. ఇంట్లోవాళ్లకు పాకకుండా ఉండాలనే మందు వేస్తాం.

డాక్టర్ గారు చూసింది ఉడ్స్ ల్యాంప్‌తో. ఈ ఫంగస్ పట్టిన వెంట్రుకలు ఆ వెలుగులో లేత పచ్చగా మెరుస్తాయి. దుమ్ము, నూలుపోగులు, కొన్ని ఆయింట్‌మెంట్లు కూడా మెరుస్తాయి కాబట్టి కల్చర్, అంటే ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్ష, చేయిస్తే ఖాయమవుతుంది. దీనికి సూదీ అక్కర్లేదు, నొప్పీ లేదు. కొత్త టూత్‌బ్రష్‌తో ఒళ్లంతా దువ్వి, ఆ బ్రష్‌ను ల్యాబ్‌కిస్తారు. అక్కడ దాన్ని ఫంగస్ పెరగడానికి వాడే పసుపు రంగు పదార్థంలో గుచ్చి పెడితే తామర ఉన్నప్పుడు అది ఎర్రబడుతుంది. ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడ అడిగి చూడండి.

ఇక మచ్చిక ఎలా అంటారా?

ఆ గదికి ఒక పాత నైటీ కేటాయించండి, పూర్తి చేతులున్నదైతే మేలు. తలుపు లోపలివైపు మేకుకు తగిలించండి. లోపలికి వెళ్లాక తొడుక్కోవాలి, బయటికి వచ్చేముందు అక్కడే విప్పాలి. ఆ వెంటనే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. జుట్టు ముడి వేసుకోండి. గ్లవ్స్ మందు రాసేటప్పుడు వేసుకుంటే చాలు. కూర్చుని ఆడించేటప్పుడు కడిగిన వట్టి చేయే మంచిది, కూనకు మన వాసన, వెచ్చదనం తెలియాలి. మచ్చ ఉన్నచోట తడమకండి, గడ్డం కింద, వీపు మీద నిమరండి.

మొదటి రెండు రోజులు పట్టుకోవద్దు. నేల మీద కూర్చోండి. నిలబడితే మీరు వాటికి కొబ్బరిచెట్టంత కనిపిస్తారు. కళ్లలోకి చూడకుండా ఫోన్‌లో ఏదో ఒకటి చదువుకుంటూ, కాస్త పైకే చదవండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ను గోరంత ముక్కలు చేసి పొడవాటి చెంచా చివర పెట్టి చాపండి. ఒకటి ముందుకొస్తుంది, రెండోది దాని వెనక తోక నిక్కబొడుచుకుని వస్తుంది. రోజురోజుకీ చెంచాను పొట్టిగా పట్టుకోండి. నాలుగో రోజుకో ఐదో రోజుకో ముక్క మీ అరచేతిలో ఉంటుంది. తినే మూతి మీ చేతికి తగిలిన రోజు బుసలు ఆగిపోతాయి. ఎత్తుకునేటప్పుడు తల్లి పట్టినట్టు మెడ దగ్గర పట్టి వేలాడదీయొద్దు. ఒక అరచేయి రొమ్ము కింద, ఇంకోటి పిర్రల కింద.

ఎంతసేపు అంటే, రోజుకు మొత్తం మీద ముప్పావుగంట పెట్టుకోండి, ఒకేసారి కాదు, మూడు నాలుగు విడతలుగా. 1980ల్లో అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూనల మీద ప్రయోగాలు చేశారు. రోజుకు 15 నిమిషాలు చేతుల్లో పెరిగినవాటికంటే 40 నిమిషాలు పెరిగినవి మనుషుల దగ్గర ఎక్కువసేపు ఉన్నాయని ఆమె గమనించారు. అదృష్టవశాత్తూ మీకు ఇద్దరున్నారు, అవి ఒకదానితో ఒకటి ఆడుకుంటాయి. రెండింటికీ జబ్బు ఉంది కాబట్టి వాటిని విడదీయకండి.

మందు వేసే సమయం, ముద్దు చేసే సమయం వేరువేరుగా ఉండాలి. చాలామంది మందును తిండిలో కలిపి పెట్టి, తిండి మీదే అనుమానం తెప్పిస్తారు. పసిపాపకు పొత్తిగుడ్డ చుట్టినట్టు టవల్‌లో కాళ్లు లోపలికి చుట్టి, తల మాత్రం బయటపెట్టి, బుగ్గ పక్కనుంచి సిరంజితో కొద్దికొద్దిగా పోయండి. అర నిమిషంలో అయిపోవాలి. అయిన వెంటనే ఆ చికెన్ ముక్క. మీకు రాసింది ఇట్రాకోనజోల్ అయి ఉంటుంది, సాధారణంగా ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపుతూ మూడు విడతలు ఇస్తాం. కూనలు వారం వారం పెరుగుతాయి కదా, మోతాదూ మారాలి. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి వారానికోసారి తూచి, ఆ బరువు డాక్టర్‌కు చెప్పండి. మనుషుల క్యాప్సూల్ విప్పి అంచనాగా వేయడం మాత్రం వద్దు. తిండి మానేసినా, వాంతులైనా మందు ఆపి అదే రోజు ఫోన్ చేయండి.

షాంపూ వారానికి రెండుసార్లు. గోరువెచ్చని నీళ్లు, మధ్యాహ్నం పూట, ఫ్యాన్ ఆపేసి. నురుగు పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. ఆ పది నిమిషాలూ కూనను వదిలేయకుండా చేతుల్లోనే ఉంచుకోండి, నాకనివ్వకండి. కడిగేశాక పొడి టవల్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. మందుతో కడిగిన బొచ్చు మీద బతికున్న బీజాలు తక్కువ, కూనేమో వెచ్చదనం కోసం దేవులాడుతూ ఉంటుంది. వారం మొత్తంలో దాన్ని హత్తుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. మొదటిసారి గుర్రుగుర్రుమనేది చాలావరకు అప్పుడే. వేపనూనె, కర్పూరం, టీట్రీ ఆయిల్, కిరోసిన్ లాంటివి ఎవరు చెప్పినా రాయకండి. వీటితో విషమెక్కి వచ్చిన పిల్లుల్ని చూశాను. తామరతో ప్రాణం పోయిన పిల్లిని నేను చూడలేదు.

ఇల్లు శుభ్రం చేయడంలో చీపురు పక్కన పెట్టండి, అది బీజాల్ని గాల్లోకి లేపుతుంది. రోజూ తడిగుడ్డతో వెంట్రుకలు ఎత్తేయండి. వారానికి రెండుసార్లు సర్ఫు నీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాత లీటరు నీటికి 30 మి.లీ. లెక్కన ద్రవరూప బ్లీచ్ కలిపి తుడిచి పది నిమిషాలు ఉంచండి. మళ్లీ మామూలు నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే కూనల్ని వదలాలి. బ్లీచ్‌లో యాసిడ్, టాయిలెట్ క్లీనర్ ఏదీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. బట్టలు విడిగా, మెషీన్ నిండా కుక్కకుండా, పొడవైన సైకిల్‌లో రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి.

పాప మచ్చను చర్మం డాక్టర్‌కు చూపించండి. చేతి మీద ఒకటి రెండు మచ్చలకు సాధారణంగా పూతమందు సరిపోతుంది. మచ్చ పోయినట్టు కనిపించినా డాక్టర్ చెప్పినన్ని రోజులూ రాయాలి. మెడికల్ షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు, అది మాత్రం తీసుకోకండి. దురద వెంటనే తగ్గుతుంది, తామర లోపల పాకుతుంది. మన దగ్గర మనుషుల తామర మొండికేయడానికి ఆ ట్యూబులూ ఒక కారణం. తలలో పొలుసు, జుట్టు ఊడిన మచ్చ కనిపిస్తే పూతమందు చాలదు, నోటి మందు కావాలి. అత్తగారు ఆ గదిలోకి వెళ్లకపోవడమే మంచిది. కానీ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కబుర్లు చెబితే తప్పేం లేదు, కూనలకు ఆవిడ గొంతు కూడా అలవాటవుతుంది. వదిలేసి రమ్మన్నవాళ్లే ఆ తర్వాత చేపముళ్లు తీసి పెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

గోరు గీరినా, పన్ను దిగినా తామర సంగతి తర్వాత. వీధిలో దొరికిన కూనలు కాబట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. కూనలకు మిగతా టీకాలు ఎనిమిది వారాలకు, రేబిస్ టీకా మూడు నెలలకు మొదలవుతాయి. తేదీలు ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.

పాప ఆ గదిలోకి వెళ్లొచ్చు. చేతి మచ్చ మీద మందు రాసి, గుడ్డ కప్పి, మీరు పక్కనుండగా. రెండు మూడు వారాలు కర్ర చివర దారం, దారానికి కాగితం ఉండ కట్టి ఆడిస్తే ముట్టుకోకుండానే స్నేహం కుదురుతుంది. మచ్చలు మాని బొచ్చు మొలుస్తున్నప్పుడు మళ్లీ టూత్‌బ్రష్ కల్చర్ చేయిస్తారు. అందులో ఏమీ పెరగలేదని రిపోర్టు వచ్చిన రోజు గది తలుపు తీయొచ్చు. ముద్దు సంగతి కూడా ఆ రోజే, నడినెత్తి మీద. మూతి మీద మాత్రం ఎప్పుడూ వద్దని చెప్పండి.