ఉప్పుగాలి మీద నెట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది కళింగపట్నం. రిటైరైన టీచర్ని. ఇంటి ముందు సముద్రం వైపు టేకుతో వేయించిన చెక్క డెక్ ఉంది. గులాబ్ తుపానుకి కూడా చెక్కుచెదరలేదు. కిందటి జూన్‌లో ఒక కాంట్రాక్టర్ని పిలిచి, పాడైన చెక్కలు మార్చి, మొత్తం రుద్ది పాలిష్ వేయమన్నాను. లక్షా 15 వేలు ఇచ్చాను. 75 వేలు ఫోన్‌పే, మిగతాది చేతికి. బిల్లు లేదు, వాట్సాప్‌లో కొటేషన్ ఉంది. రెండేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడు. దీపావళికే పూత పొరలుగా లేచిపోయింది, స్క్రూల చుట్టూ తుప్పు. రోజూ ఫినాయిల్ నీళ్ళతో శుభ్రంగా కడుగుతూనే ఉన్నాం. అడిగితే, “ఉప్పుగాలికి ఏటి నిలుస్తాది బాబూ” అంటున్నాడు. మాఘంలో అమ్మాయి పెళ్ళి. వేరేవాళ్ళచేత బాగుచేయించేసి, తర్వాత ఇతని మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? పనప్పటి ఫొటోలు, ఇప్పటి ఫొటోలు, ఆ కొటేషన్ పంపుతున్నాను.

జవాబు: మేష్టారూ, ముందు ఆ డెక్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. మీ కేసులో అసలు సాక్షి ఆ చెక్కే. ఇప్పుడే రుద్దించేసి కొత్త పూత వేయించారంటే, రేపు కాంట్రాక్టర్ “నేను చేసిన పని బాగానే ఉంది, ఆ రెండోవాడే పాడుచేశాడు” అంటాడు. అప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

చీటింగ్ కేసు సంగతి వదిలేయండి. భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కిందికి రావాలంటే, డబ్బు తీసుకున్న రోజే అతనికి మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. అతను వచ్చాడు, పది రోజులు మనుషుల్ని పెట్టి పనిచేశాడు. పని సరిగ్గా చేయకపోవడం వేరు, మోసం వేరు. స్టేషన్ చుట్టూ తిరిగితే టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

మీది వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సిన కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చేస్తానని ఒప్పుకున్న పనిలో నాణ్యత లోపించినా, చేసిన తీరు సరిగ్గా లేకపోయినా అది సేవాలోపమే. రాతపూర్వక గ్యారంటీ లేదని దిగులుపడకండి, కొటేషన్ చాలు. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. డెక్ మీ సొంత ఇంటిది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ ఇంటిని టూరిస్టులకు అద్దెకిస్తూ ఉంటే మాత్రం, వ్యాపారం కోసం చేయించుకున్న పని అని అవతలివాళ్ళు అడ్డుపడేవారు.

ఇక ఉప్పుగాలి. కళింగపట్నంలో ఉప్పుగాలి నిన్నమొన్న వచ్చింది కాదు. పని ఒప్పుకున్ననాడు సముద్రం అతనికి కనిపిస్తూనే ఉంది కదా! 2021 సెప్టెంబరు 26న గులాబ్ మీ ఊరి దగ్గరే తీరం దాటింది. దానికి నిలిచిన డెక్ అతని చెయ్యి పడ్డాక నాలుగు నెలలకే ఇలా ఎందుకైందో చెప్పాల్సింది అతనే.

అయితే వాదనకన్నా మీరు పంపిన ఫొటోలు నాకు ఎక్కువ నచ్చాయి. 12వ తేదీ సాయంత్రం ఫొటోలో పైపు పెట్టి చెక్కల్ని కడుగుతున్నారు, సందుల్లో నీళ్ళు మెరుస్తున్నాయి. 13 ఉదయం ఫొటోలో అవే చెక్కల మీద వార్నిష్ పూస్తున్నారు. మధ్యలో ఒక్క రాత్రి, అదీ జూన్‌లో. ఇలాంటి వ్యవహారాల్లో నేను అడిగే వడ్రంగి ఒకాయన ఆ రెండూ చూసి నవ్వాడు. తడి చెక్క మీద పూత వేస్తే కింది తేమ పైకి తన్ని పొర లేచిపోతుందట. కడిగాక ఎండలో కొన్ని రోజులు ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, ఆ తర్వాతే పూత వేయాలట. పైగా ఎండావానా తగిలే చోట పొరలా కూర్చునే వార్నిష్ కంటే లోపలికి ఇంకే నూనె పూత నయమన్నాడు. కొటేషన్‌లో ‘స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు’ అని ఉంది. తుప్పు పట్టినవాటికి ఒక అయస్కాంతం తగిలించి చూడండి. స్టెయిన్‌లెస్‌లోనూ కొన్ని రకాలు అంటుకుంటాయి కాబట్టి అదొక్కటే రుజువు కాదు, కానీ తుప్పుతో కలిపి చూస్తే అడగాల్సిన ప్రశ్నే.

మీవైపూ ఒక చిక్కుంది. రోజూ ఫినాయిల్ నీళ్ళతో కడిగామని మీరే రాశారు. ఫొటోల్లో పూలకుండీల కింద నల్లటి చక్రాలూ కనబడుతున్నాయి. అవతలి లాయరు మొదట పట్టుకునేది వాటినే. దాచకండి, ఫిర్యాదులో మీరే చెప్పండి. ఎలా చూసుకోవాలో అతను చెప్పలేదని, పైగా రెండేళ్ళు చూసుకోనక్కర్లేదన్నాడని కూడా రాయండి. కుండీల కింది మచ్చల వరకు పరిహారం తగ్గినా తగ్గొచ్చు. కుండీలు లేనిచోట, నీళ్ళు తగలని గోడ పక్కన కూడా పూత లేచి ఉంటే ఆ ఫొటోలు దగ్గర్నుంచి తీయండి.

పెళ్ళి దగ్గర పడుతోంది కాబట్టి ఇలా చేయండి. స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీకి వచ్చి డెక్ చూడమని, 15 రోజుల్లో సరిచేయమని లేదా డబ్బు తిరిగి ఇవ్వమని రాయండి. అతను వచ్చినా రాకపోయినా ఆ రోజున ఒక సివిల్ ఇంజనీరు చేతనో, అనుభవమున్న వడ్రంగి చేతనో పరిశీలన చేయించి, ఏం చూశారో వివరంగా రాయించి సంతకం తీసుకోండి. రిపేరు మొదలుపెట్టే ముందు బాగా పాడైన చెక్కలు రెండు, స్క్రూలతో సహా ఊడదీయించి గోనెసంచిలో కట్టి నీడలో పెట్టండి. తర్వాత రిపేరు చేయించుకోండి. దానికి మాత్రం బిల్లు తీసుకోండి. మీకు జరిగిన నష్టం ఎంతో చూపించేది ఆ బిల్లే.

వాట్సాప్ సంభాషణ చెరపకండి, ఫోనూ మార్చకండి. ఆ సంభాషణ ప్రింట్లతో పాటు, అవి ఫోన్‌లోని అసలు సంభాషణవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయరు చూసుకుంటారు.

కాంట్రాక్టర్ ఏ జిల్లావాడైనా, మీరుండేచోటు లెక్కన శ్రీకాకుళంలోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. పని పూర్తయిన తేదీ నుంచే లెక్కపెట్టుకుంటే గొడవ ఉండదు. రిపేరు ఖర్చుతో పాటు మనోవేదనకు, కోర్టు ఖర్చులకు కూడా అడగండి, కానీ ఐదు లక్షలూ పది లక్షలూ అని రాయకండి. చెక్కల కేసులో అంత అడిగితే అసలు న్యాయమైన మొత్తం మీదే అనుమానం వస్తుంది. మధ్యవర్తిత్వానికి వెళ్తారా అని కమిషన్ అడిగితే ఒప్పుకోండి. ఇలాంటి కాంట్రాక్టర్లు తడి చెక్క ఫొటో ఎదురుగా పెట్టేసరికి చాలావరకు బేరానికి వస్తారు. ఆ రోజుకి గోనెసంచి కూడా వెంట తీసుకెళ్ళండి.