రోమన్ చరిత్ర, వాతావరణ శాస్త్రం కలిసిన పరిశోధనలో భూగర్భశాస్త్ర విద్యార్థికి ఏ పాత్ర ఉంటుంది?

ఇలాంటి ఉమ్మడి బృందంలో చేరితే చరిత్రకారులకు లెక్కలు అందించే సహాయకుడిగానే మిగిలిపోతానా అని మీరు అడిగారు. నేను భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఐరోపాలోని ఒక విశ్వవిద్యాలయంలో సరస్సుల అడుగు మట్టిలోని పుప్పొడిని పరిశీలిస్తూ, ప్రాచీన చరిత్ర విభాగం వారితో కొన్నేళ్లు కలిసి పనిచేశాను. నా అనుభవంలో అలా మిగిలిపోవలసిన అవసరం లేదు. అయితే ఆ బృందాలలో అసలు వాదన దాదాపు ఎప్పుడూ కాలనిర్ణయం దగ్గరే జరుగుతుందని ముందే తెలిసి ఉండాలి.

మా చర్చలలో తరచుగా వచ్చిన ఉదాహరణ జూలియస్ సీజర్ హత్య. అది క్రీ.పూ. 44 మార్చిలో జరిగింది. ఆ ఏడంతా సూర్యుడు కాంతి తగ్గి కనిపించాడని, పంటలు సరిగా పండలేదని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. గ్రీన్‌లాండ్ మంచు పొరలలోని అగ్నిపర్వత బూడిద రసాయన కూర్పును పరిశీలించిన ఒక బృందం, అది అలాస్కాలోని ఓక్‌మోక్ అగ్నిపర్వతానిదని, ఆ భారీ విస్ఫోటనం క్రీ.పూ. 43 తొలి నెలల్లో జరిగిందని 2020లో ప్రకటించింది. ఆ తరువాత ఉత్తరార్ధగోళంలో చలి తీవ్రమైందని చెట్ల వలయాలు కూడా చూపుతున్నాయి. రెండూ చక్కగా కలిశాయని ప్రయోగశాలలో ఉన్నవారికి అనిపించవచ్చు గాని, ప్లూటార్క్ చెప్పిన మసక వెలుతురు విస్ఫోటనానికి ముందటి సంవత్సరానిది. పైగా ఆయన ఆ సంఘటనలు జరిగి నూరేళ్లు దాటాక రాశాడు. ఈజిప్టు రాణి క్లియోపాత్రా పాలనలో వరుసగా రెండేళ్లు నైలు నది పొంగలేదన్న రోమన్ తత్వవేత్త సెనెకా మాట మాత్రం విస్ఫోటనం తరువాతి కాలానికి బాగా సరిపోతుంది. అయినా చలి వల్లనే రోమన్ గణతంత్రం కూలిందనే వాదనను నేను ఒప్పుకోను, క్రీ.పూ. 49లోనే, సీజర్ బతికుండగానే, అంతర్యుద్ధం మొదలైంది.

మంచు పొరలకు, చెట్ల వలయాలకు ఏడాది స్థాయిలో తేదీ చెప్పవచ్చు. మేము తీసిన సరస్సు మట్టికి రేడియోకార్బన్ పద్ధతిలో, అంటే జీవ అవశేషాలలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి, తేదీ కడితే దశాబ్దాల తేడా ఉండేది. పుప్పొడిలో ఆలివ్ తగ్గి పైన్ పెరిగిన మార్పును ఫలానా చక్రవర్తి పాలనకు ముడిపెట్టవచ్చా అని చరిత్రకారులు అడిగినప్పుడు, కుదరదని కారణాలతో చెప్పవలసింది మీలాంటి వారే. అందుకు రేడియోకార్బన్ తేదీల క్రమాంకనాన్ని (కొలిచిన విలువను క్యాలెండర్ సంవత్సరాలలోకి మార్చడాన్ని), దానికి అవసరమైన గణాంక శాస్త్రాన్ని చేరేముందే నేర్చుకోండి. లాటిన్ తరువాత నేర్చుకోవచ్చు. మూల గ్రంథాలను మొదట అనువాదాలలో చదివినా చాలు. దరఖాస్తు చేసేటప్పుడు చరిత్ర విభాగం నుంచి కూడా ఒక పర్యవేక్షకుడు ఉంటారో లేదో తప్పక అడగండి.