లెక్కల క్లాసులో పిల్లలు మాట్లాడాలంటే

అమ్మలూ, ఆశీస్సులు.

ఆరో తరగతి పిల్లలు నోరు విప్పడం లేదని రాశావు. "అర్థమైందా?" అంటే అందరూ "ఆఁ టీచర్" అంటారు, స్లిప్ టెస్టులో చూస్తే ఏమీ రాదు. ముందు ఆ ప్రశ్న అడగడం మానెయ్. కాలేదని నలుగురిలో చెప్పే ధైర్యం పిల్లలకు ఉండదు.

ప్రశ్న అడిగాక ఆగడం నేర్చుకో. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో గమనిస్తే, టీచర్లు జవాబు కోసం సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, ఎప్పుడూ చెప్పనివాళ్లూ చెప్పారు. ఆ నిశ్శబ్దం నీకు మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది. అయినా జవాబు నువ్వు అందించకు.

చుట్టుకొలత, వైశాల్యం పాఠం ఎలాగూ వస్తుంది కదా, సూత్రాలు బోర్డు మీద రాయకుండా మొదలుపెట్టు. నలుగురికో దారం ఇవ్వు, ముడి వేశాక చుట్టూ 24 సెంటీమీటర్లు ఉండాలి. సెంటీమీటరు గళ్ల కాగితం మీద దాన్ని దీర్ఘచతురస్రంగా పరచమను. చుట్టుకొలత ఒకటే కాబట్టి వైశాల్యమూ ఒకటేనా అని ముందే అడుగు. ఎక్కువమంది ఒకటే అంటారు. కాదనకు, ఆ మాట బోర్డు మీద రాసి గళ్లు లెక్కపెట్టనివ్వు. 10, 2 కొలతలతో పరిచినవాళ్లకు 20 గళ్లు, 8, 4 వాళ్లకు 32, 6, 6 వాళ్లకు 36 వస్తాయి. ఇక వాదన వాళ్లలో వాళ్లకే మొదలవుతుంది. నువ్వు "ఎందుకని?" అని మాత్రమే అడుగు.

జట్టులో చురుకైనవాడు దారం లాక్కుంటాడు, చూసుకో. చెప్పేది మాత్రం ఎవరో ముందే తెలియకూడదు. లేపగానే ఎవరైనా చెప్పగలగాలి అంటే, తెలిసినవాడే పక్కవాడికి నేర్పుతాడు.

గోల ఎక్కువైందని హెడ్మాస్టరు గారంటే మర్యాదగా చెప్పు, 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే పిల్లలు చేసి, వెతికి తెలుసుకోవాలని ఉంది.

సిలబస్ భయం నిజమే. ప్రతి పాఠానికీ ఇలా చేయనక్కర్లేదు. పిల్లలు ఎక్కడ తికమకపడతారో అక్కడ ఒక పీరియడ్ పెట్టు, మిగతాది మామూలుగా చెప్పు. భిన్నాలకు ఏం చేయాలో వచ్చే ఉత్తరంలో రాస్తాను, ఈలోగా ఈ దారం పాఠంలో వెనక బెంచీ వాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే నాకు రాయి.

మీ పెద్దమ్మ