ఎనిమిది బార్ల లూపు దగ్గరే పాటలన్నీ ఆగిపోతున్నాయి, ఎలా పూర్తి చేయాలి?

నిమిషానికి 96 బీట్ల టెంపోలో, బారుకు నాలుగు బీట్ల చొప్పున, ఎనిమిది బార్లంటే సరిగ్గా ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లనే రాత్రంతా తిప్పి తిప్పి వింటే ఎంత మంచి ట్యూన్ మీదైనా మొహం మొత్తుతుంది. తెల్లవారేసరికి ఇందులో ఏమీ లేదనిపించి కొత్త ఫైలు తెరుస్తాం. ఊహలు అడుగంటాయని మీరు బాధపడుతున్నారు కానీ నేను నమ్మను. మీ పాట కోసం ఎదురుచూసే మనిషి లేరు, అంతే.

మా పెద్దమ్మ కూతురు ఒక బతుకమ్మ పాట రాసింది. తనే పాడుతుంది, సంగీతం నాది. "ఎంగిలిపూల నాటికి పాట బయటికి రావాలి తమ్ముడూ" అంది. బతుకమ్మ మొదలయ్యే ఆ మహాలయ అమావాస్య మన కోసం వాయిదా పడదు కదా. పల్లవి వచ్చింది, చరణం రాలేదు. నేను డప్పు శాంపిళ్లు మారుస్తూ కూర్చున్నాను. అక్క ఫోన్ చేసి చరణం ఏదని అడిగితే, డప్పు ఇంకా కుదరలేదన్నాను.

"డప్పు సంగతి తర్వాత. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే పాట నిలబడుతుందా లేదా, అది చెప్పు" అని, ఫోన్‌లోనే చప్పట్లు చరుస్తూ చరణం పాడేసింది. పల్లవి వరసే, కాస్త పైకెత్తి 'ఉయ్యాలో' దగ్గర దించింది. పాత బతుకమ్మ పాటల్లో కథ మొత్తం ఒకే వరస మీద నడుస్తుంది. చరణానికి వేరే ట్యూన్ ఉండాలన్నది సినిమా పాటలు అంటించిన అలవాటు. తననే మళ్లీ పాడి రికార్డు చేసి పంపమన్నాను. దాని చుట్టూ మిగతావి పేర్చాను. వెనక పడిన కుక్కర్ విజిల్ తీయడానికే ఎక్కువసేపు పట్టింది. అమావాస్యకు ముందే పాట వచ్చేసింది. వివరాల్లో సంగీతం చేసినవాడి పేరు అట్టడుగున వేశారు, అది వేరే కథ.

అప్పటి నుంచి నా పద్ధతి ఇదే. లూపును మూడున్నర నిమిషాల దాకా పరిచేసి, ఆ తర్వాత తీసేస్తూ వస్తాను: పల్లవికి ముందు బేస్, చరణంలో కిక్ డ్రమ్. మిడి ట్రాకులు, అంటే స్వరాలను ఎప్పుడంటే అప్పుడు మార్చుకోగలిగేవి, ఆడియోగా మార్చి అసలువి తొలగిస్తాను. క్యూబేస్ లాంటి మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాకును ఫ్రీజ్ చేసి తాత్కాలికంగా బిగిస్తే సరిపోదు, మళ్లీ విప్పుకోవచ్చు, విప్పుకుంటాం కూడా.

ఇక మాస్టరింగ్, అంటే పాటకు చివరి మెరుగులు దిద్దడం గురించిన వీడియోలు చూడటం మానేయండి. సౌండ్ ఎలా పెంచాలో గంటలకొద్దీ చెబుతారు. మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దాటిన పాటను యూట్యూబ్ తనే తగ్గించి వినిపిస్తుంది. పైగా ఇలాంటి పాటలు వినేది వీధి చివర డీజే పెట్టెల్లో. మీరు రెండు రాత్రులు కూర్చుని దిద్దిన రివర్బ్, ఆ గది ప్రతిధ్వని, అక్కడ ఎవరికి వినిపిస్తుంది?

మీ దగ్గరున్న ముక్కల్లో ఇంట్లోవాళ్లు తమకు తెలియకుండానే కూనిరాగం తీసేది ఏదో చూడండి. దాన్ని పాడేవాళ్లకు ఈ రోజే పంపి, తేదీ వాళ్లనే పెట్టమనండి. కొత్త సింథ్ మాత్రం ఇప్పుడప్పుడే కొనకండి, పండుగ ఆఫర్లు ఎలాగూ మళ్లీ వస్తాయి.