నెట్ సెంటర్ పెడుతున్న మేనల్లుడికి

విజయవాడ

అల్లుడూ,

బ్రాడీపేటలో నెట్ సెంటర్ అంటే వచ్చేది ఎక్కువగా చదువుకునే పిల్లలే. హాల్‌టికెట్టో, ఫీజో, కౌన్సెలింగ్ ఆప్షన్లో, చివరి రోజు దాకా ఆగి పరిగెత్తుకొస్తారు. సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని పడుతుంది. వెనకాల జనం నిలబడ్డారని 'అడ్వాన్స్‌డ్' నొక్కి 'ప్రొసీడ్' కొట్టేయకు. అక్కడ టైపు చేసేది మనది కాదు, ఇంకొకరి ఆధార్, ఇంకొకరి కార్డు నంబరు.

ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, ముందు అది చదువు. 'డేట్ ఇన్‌వాలిడ్' అని ఉంటే కింద కుడివైపు గడియారం చూడు. సైట్ సర్టిఫికెట్‌కి, అంటే ఆ సైట్ అసలుదేనని చూపే గుర్తింపు పత్రానికి, మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. నీ సిస్టమ్ ఇంకా ఏ పాత సంవత్సరంలోనో ఉంటే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లనట్టే కనిపిస్తుంది. తేదీ సరిచేశాక, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ వెనక్కి పోతోందంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. పవర్ తీగ పీకేసి మార్చు.

'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' అంటే సర్టిఫికెట్ మీద ఉన్న పేరు వేరు, నువ్వు తెరిచిన సైట్ వేరు. అడ్రస్‌లో అక్షరం తప్పిందేమో చూడు. 'అథారిటీ ఇన్‌వాలిడ్' అంటే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లని బ్రౌజర్ నమ్మట్లేదు. అప్పుడు అదే సైట్‌ని ఫోన్లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద తెరువు. అక్కడా హెచ్చరికే వస్తే సైట్ వాళ్ల లోపం కావచ్చు, వాళ్లు సరిచేసేదాకా ఆగాల్సిందే. ఫోన్లో బాగా వస్తే తేడా మన సిస్టమ్‌లోనో రూటర్‌లోనో ఉంది. పేజీల్ని మధ్యలో పట్టి చూసే యాంటీవైరస్ వల్ల కూడా ఇలా వస్తుంది. విండోస్ 7 సిస్టమ్‌లు చవగ్గా వస్తున్నాయని కొనకు, వాటికి క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది.

పేజీ మొత్తం ఎర్రగా వస్తే అది వేరే సంగతి. సర్టిఫికెట్ గొడవ కాదు, ఆ సైటే మోసమని బ్రౌజర్ చెబుతోంది. ట్యాబ్ మూసెయ్.

ఇక ఒకటి వెతికితే ఇంకేదో సెర్చ్ పేజీకి పోవడం. అన్ని సిస్టమ్‌లలోనూ, వైఫై మీదున్న ఫోన్లోనూ అలాగే అవుతుంటే రూటర్లో డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకి అసలు చిరునామా వెతికిపెట్టేది, మారిందేమో చూడు. మారి ఉంటే రూటర్ రీసెట్ చెయ్యాలి. రీసెట్ చేసేముందు నెట్ ఇచ్చినాయన దగ్గర యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రాయించుకో, లేకపోతే ఆ రోజంతా షాపు మూసుకోవాలి. రీసెట్ అయ్యాక రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం మరిచిపోకు.

ఒక్క సిస్టమ్‌లోనే అయితే ముందు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, చూడు. ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్, కూపన్లు, వీడియో డౌన్‌లోడర్ లాంటివాటి మీదే ముందు అనుమానపడాలి. తీసేశాక మళ్లీ వస్తోందంటే గూగుల్ అకౌంట్‌లో దాచినవాటిని సిస్టమ్‌కి తెచ్చే సింక్ దాన్ని వెనక్కి తెస్తుండొచ్చు, సింక్ ఆపి తీసెయ్. అసలు 'రిమూవ్' బటనే లేకుండా, మెనూలో 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఉంటే విండోస్ సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఎవరో క్రోమ్ పాలసీ, అంటే మామూలుగా మార్చలేని సెట్టింగ్, పెట్టి పోయారు. లోకల్ మెషిన్, కరెంట్ యూజర్ రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరసలో వెళ్లి చూడు. చెరిపే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకో, కొన్ని యాంటీవైరస్‌లు కూడా అక్కడ రాస్తాయి.

డెస్క్‌టాప్ మీది క్రోమ్ ఐకాన్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ కూడా చూడు. క్రోమ్ ఫైలు పేరు తర్వాత ఏదైనా సైట్ అడ్రస్ తగిలించి ఉంటే ఆ అడ్రస్ చెరిపెయ్. చివరికి క్రోమ్ సెట్టింగ్స్ రీసెట్ చెయ్, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోవు.

'వైరస్ వచ్చింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని స్క్రీన్ నిండా పడితే ఎస్కేప్ నొక్కి పట్టుకో. కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి కొట్టి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపు. మళ్లీ తెరిచాక 'రీస్టోర్' అంటే వద్దను. ఎవరికైనా డబ్బు పోయుంటే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు.

పిల్లలకి మాత్రం క్రోమ్ గెస్ట్ విండోలోనే తెరిచి ఇవ్వు. అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచెయ్యవు, మూసేస్తే వాళ్ల లాగిన్లూ చెరిగిపోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం అలాగే ఉంటాయి, రాత్రి షాపు కట్టేముందు ఆ ఫోల్డర్ నువ్వే ఖాళీ చెయ్యాలి.

ఆశీస్సులతో,
మావయ్య